మీరడిగిన సంగతి: తియ్యటి వాసన, ఘాటు పొగాకు

కాఫీ, వెనిల్లా, చెర్రీ, రమ్ వాసన పట్టించిన సిగార్ల గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఇవి ఇప్పటికే తాగుతున్న పెద్దవాళ్ల కోసం రాసినవి. అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టాల్సిన అవసరం ఏమీ లేదు.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి వస్తూ ఒక డబ్బా సిగార్లు తెచ్చిండు. మూత తీస్తే ఇల్లంతా కాఫీ వాసన. పొగాకుకు ఆ వాసన ఎట్ల పట్టిస్తరు? పైన సెంటు చల్లుతరా? తాగితే మాత్రం అంత కాఫీ తెలుస్తలేదు. (మిర్యాలగూడ)

రెండు పద్ధతులున్నాయి. నువ్వుల్లో మల్లెపూలు పొరలు పొరలుగా వేసి ఉంచితే నూనె తీసేటప్పటికి గింజకే పూల వాసన పట్టి ఉంటుంది కదా, మొదటి పద్ధతి అలాంటిదే. కాఫీ గింజలు, మూలికలు, సుగంధ తైలాలు ఉంచిన మూసిన గదిలో పొగాకు ఆకును వారాలు, ఒక్కోసారి నెలలు ఉంచుతారు. ఆకు మెల్లగా వాసన పీల్చుకుంటుంది. నికరాగువాలోని ఎస్తెలీలో డ్రూ ఎస్టేట్ కంపెనీ చేసే ఆసిడ్ సిగార్లు ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. రెండోది చవక పద్ధతి: ఆకు మీదో, చుట్టిన సిగార్ మీదో రుచి ద్రవం చల్లి ఆరబెట్టడం. సిగరిల్లోలు అనే సన్నటి చిన్న సిగార్లు, తరిగిన పొగాకు నింపిన చవక సిగార్లు ఎక్కువగా ఇలా వస్తాయి.

రెండింటికీ తేడా ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఒక సిగార్‌ను మధ్యకు కోసి లోపలి ఆకును వాసన చూడండి. లోపల కూడా వాసన సమంగా ఉంటే పట్టించినది. పైన గుప్పున కొట్టి లోపల ఉత్త పొగాకు వాసనే ఉంటే చల్లినది.

తీపి సంగతి వేరు. వాసనకు తీపి ఉండదు. నోట్లో పెట్టే కొసకు పంచదార పాకమో, శాకరినో పూస్తారు. పెదవికి తగిలే తీపి అదే, పొగది కాదు.

ఇక కాఫీ ఎందుకు తెలియలేదంటే, డబ్బా దగ్గర ముక్కుకు తగిలినంత వాసన పొగలోకి ఎప్పుడూ రాదు. నిప్పు ఉన్నచోట ఆ తైలాలు మాడిపోతాయి. మనకు తెలిసేది నిప్పుకు వెనకాల, ఇంకా కాలని ఆకు గుండా వెచ్చటి పొగ వస్తూ మోసుకొచ్చే వాసన మాత్రమే. అందుకే మొదటి మూడో వంతులో బాగా తెలుస్తుంది, మధ్యలో పొగాకుతో కలిసిపోతుంది, చివర దాదాపు ఉత్త పొగాకే మిగులుతుంది. పొగను నోట్లో రెండు క్షణాలు ఆపి, మింగకుండా, కొద్దిగా ముక్కు గుండా వదిలితే వాసన బాగా అందుతుంది. ఊపిరితిత్తుల్లోకి మాత్రం గుంజకూడదు.

ప్రశ్న: టోపీ కొసను షేవింగ్ బ్లేడుతో కోస్తే పైన చుట్టిన ఆకు విప్పుకపోయింది. అగ్గిపుల్లతో అంటిస్తే ఒక పక్కనే కాలింది. సరైన తీరు చెప్పండి. (దేవరకొండ)

సిగార్‌లో మూడు భాగాలుంటాయి. లోపల నింపిన ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అందం కోసం, రుచి కోసం చుట్టిన పలచటి పై ఆకు. నోట్లో పెట్టుకునే కొసన పై ఆకు విప్పుకోకుండా అతికించిన చిన్న ముక్కే టోపీ. ఆ ముక్క అంచు ఒక సన్నటి గీతలా కనిపిస్తుంది. కోత ఆ గీతకు పైనే ఉండాలి. కొస నుంచి ఒకటిన్నర, మహా అయితే 2 మిల్లీమీటర్లు. గీత దాటి కోస్తే పై ఆకును పట్టి ఉంచేది ఏమీ ఉండదు. మీకు జరిగింది అదే.

షేవింగ్ బ్లేడు వంగుతుంది, ఆకును కోయడం కన్నా చీల్చడమే ఎక్కువ. రెండు అలుగుల సిగార్ కట్టర్ తీసుకుని, ఆగకుండా ఒక్క వేటుకు కోయాలి. గుండ్రటి రంధ్రం చేసే పంచ్ కూడా దొరుకుతుంది. తీపి పూసిన కొస దానితో ఎక్కువగా మిగులుతుంది కాబట్టి కొందరికి అదే ఇష్టం. కానీ వాసన సిగార్లలో తైలం ఎక్కువ. చిన్న రంధ్రం దగ్గర తారు పేరుకుని సగం దాటాక నాలుకకు చేదు అంటుకుంటుంది. మా మాట వింటే కట్టర్‌తో నేరుగా కోయడమే మేలు. కోశాక అంటించకుండానే ఒకసారి గుంజి చూడండి. సన్నటి గొట్టంతో నీళ్లు పీల్చినంత తేలికగా గాలి రావాలి. రాకపోతే మరో అర మిల్లీమీటరు తీయండి. అప్పటికీ బిగుతుగా ఉంటే వేళ్ల మధ్య మెల్లగా దొర్లిస్తూ గట్టి ముడి ఎక్కడుందో చూసి అక్కడ తేలికగా వత్తండి.

అంటించడానికి బ్యూటేన్ గ్యాస్ లైటర్ మంచిది. పెట్రోలు లాంటి ద్రవం పోసే లైటరు, కొవ్వొత్తి పనికిరావు, వాటి వాసన ముందు ఆకుకు పడుతుంది. వాసన సిగార్‌లో అది మరీ తెలుస్తుంది. గ్యాస్ పొయ్యి మంట వెడల్పు, పై ఆకు మాడిపోతుంది. అగ్గిపుల్ల వాడితే తల మందు పూర్తిగా కాలిపోయి పుల్ల మంట మిగిలేదాకా ఆగండి. మామూలు పుల్ల ఒకటి చాలదు, రెండు మూడు కలిపి వెలిగించాలి.

ముందు నోట్లో పెట్టుకోకండి. సిగార్‌ను ఏటవాలుగా పట్టుకుని, మంట కొస తగలకుండా కింద కాస్త ఎడంగా ఉంచి తిప్పుతూ కొసనంతా కాచండి. అంచు చుట్టూ నల్లబడి సన్నటి ఎర్ర గీత కనిపించాక నోట్లో పెట్టుకుని, మంట చూపిస్తూ, తిప్పుతూ రెండు మూడు చిన్న దమ్ములు గుంజండి. తరువాత కొసను మీవైపు తిప్పి మెల్లగా ఊదితే ఎక్కడ అంటుకోలేదో చూపిస్తుంది, అక్కడ మాత్రం మళ్లీ మంట చూపండి. ఒక పక్కే కాలడానికి సగం కారణం ఈ తొలి నిమిషంలోనే ఉంటుంది. మిగతా సగం ఫ్యాను గాలి. తిరిగే ఫ్యాను కింద, కూలర్ ఎదురుగా కూర్చుని తాగితే గాలి తగిలే వైపు తొందరగా కాలుతుంది.

ప్రశ్న: మొదట మంచిగుంది. సగం అయినంక చేదు, నాలుక మంట. తియ్యటి సిగార్ గిట్ల ఎందుకైతది? (నాగర్‌కర్నూల్)

తొందరగా తాగడం వల్ల. బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు వెంట వెంట దమ్ము గుంజుతారు. బీడీ ఆగకుండా గుంజకపోతే ఆరిపోతుంది కాబట్టి ఆ అలవాటే వచ్చేస్తుంది. సిగార్‌కు నిమిషానికి ఒక దమ్ము చాలు. వెంట వెంట గుంజితే నిప్పు వేడెక్కి, వాసన తైలాలు నోటికి రాకముందే మాడిపోతాయి. ఆకు కూడా మాడి చేదెక్కుతుంది. 5 అంగుళాల పొడవు, 50 గేజు సిగార్ అనుకోండి. గేజు అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి 50 గేజు దాదాపు 20 మిల్లీమీటర్ల మందం. దానికి ముప్పావు గంట నుంచి గంట పట్టాలి. మీకు అరగంటలో అయిపోతే తొందర ఎక్కువైనట్టే. పట్టుకుంటే వేళ్లకు వేడి తగిలిందా, కింద పెట్టి రెండు నిమిషాలు ఆగండి.

బూడిదను మాటిమాటికీ తట్టకూడదు. అంగుళం దాకా నిలవనిస్తే అది నిప్పును కాస్త చల్లగా ఉంచుతుంది. తరిగిన పొగాకు నింపిన రకంలో బూడిద అంతసేపు నిలవదు, అక్కడ అర అంగుళం చాలు.

మరో కారణం తడి. వానాకాలంలో బయట పెట్టిన సిగార్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, లోపల ఆవిరి పుట్టి పుల్లటి చేదు వస్తుంది, మాటిమాటికీ ఆరిపోతుంది. బయట పై ఆకు నిలబడి లోపల గుహలా కాలుతుంటే కూడా తడే కారణం కావచ్చు, లేదా దమ్ములు మరీ ఎడంగా గుంజుతున్నారు. మధ్యలో ఆరిపోతే గంటలోపు బూడిద తట్టి, సిగార్‌లోకి ఒకసారి ఊది పాత పొగ బయటికి పంపి, మళ్లీ కాచి అంటించుకోవచ్చు. రాత్రి ఆరినది తెల్లారి అంటిస్తే మాత్రం పాత బూడిద వాసన తప్ప ఏమీ ఉండదు.

చివరి రెండు అంగుళాలు ఎలాగూ ఘాటుగానే ఉంటాయి. అప్పటిదాకా కాలిన పొగాకు తారు అంతా ఆ ఆకులోనే చేరి ఉంటుంది. అది వదిలేయడం దండగ కాదు. సిగార్‌తోపాటు తీపి చాయ్ తాగితే తీపి మీద తీపి పడి రెండూ తెలియవు. పాలు, చక్కెర లేని చాయ్, మంచినీళ్లు, ఉప్పు పల్లీలు సరిపోతాయి.

ప్రశ్న: నల్లగొండ ఎండలల్ల ఇవి ఎట్ల దాచాలె? అల్మారిలో పెడితే నెలలో పై ఆకు పగిలింది, వాసన పోయింది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? (నల్లగొండ)

ఎక్కువ ఉత్తరాలు ఈ సంగతి మీదే. సిగార్‌కు కావలసింది 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి. మన మే నెల మధ్యాహ్నం ఈ రెండింటికీ సరిగ్గా ఎదురు. వేడికి వాసన తైలం ఎగిరిపోతుంది, పొడి గాలికి ఆకు పెళుసెక్కుతుంది. మామూలు సిగార్ ఎండితే ఓపికగా తేమ పట్టించి కొంత నిలబెట్టుకోవచ్చు. వాసన సిగార్ ఎండితే తేమ తిరిగొస్తుంది కానీ వాసన తిరిగిరాదు.

ఫ్రిజ్ వద్దు. లోపలి గాలి పొడిగా ఉంటుంది, పైగా పొగాకు వెన్న లాగా పక్కనున్న ప్రతి వాసనా పీల్చుకుంటుంది. బట్టల అల్మారి కూడా అందుకే పనికిరాదు, కలరా ఉండల వాసన పట్టిన సిగార్‌ను ఏం చేసినా బాగుచేయలేం. ఏసీ గది చల్లగా ఉంటుంది గానీ గాలిలో తేమ తీసేస్తుంది. కూలర్ గది దానికి ఎదురు, తేమ మితిమీరుతుంది. అంటే గది ఏదైనా సిగార్ ఉండేది మూసిన పెట్టెలోనే.

ఖరీదైన దేవదారు పెట్టె అవసరం లేదు, వాసన సిగార్లకు అది నష్టం కూడా. చెక్క వాసనను పీల్చుకుని, తరువాత అందులో పెట్టే మామూలు సిగార్లకు అంటిస్తుంది. రబ్బరు అంచుతో గాలి చొరకుండా మూసుకునే గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. వేడినీళ్లతో కడిగి, రెండు రోజులు మూత తీసి ఆరబెట్టి, లోపల ఏ వాసనా లేదని చూసుకోండి. కాఫీది ఒక డబ్బా, చెర్రీది ఒక డబ్బా, మామూలువి మరో డబ్బా. కలిపితే నెలలో అన్నీ ఒకటే వాసన.

తేమకు సులువైన సాధనం రెండువైపులా పనిచేసే తేమ పొట్లం. గాలి పొడిబారితే తేమ వదులుతుంది, ఎక్కువైతే పీల్చుకుంటుంది. 25 సిగార్లకు 60 గ్రాముల పొట్లం ఒకటి. 69 శాతం రకమూ ఉంది గానీ మన వేడికి 65 శాతం రకమే సరి, వేడిలో ఎక్కువ తేమ ఉంటే పురుగు, బూజు రెండూ వస్తాయి. పొట్లం చేతికి అట్టలా గట్టిపడిందంటే మార్చేయండి. స్పాంజి రకం వాడేవాళ్లు బోరు నీళ్లు పోయకండి. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, మిగతా లవణాలూ ఎక్కువే. నీళ్లు ఆవిరై ఉప్పు స్పాంజి రంధ్రాల్లో పేరుకుని కొన్నాళ్లకు పని ఆగిపోతుంది. డిస్టిల్డ్ నీళ్లే పోయాలి.

తేమ కొలిచే మీటరు కొనగానే నమ్మకండి. ఒక సీసా మూతలో వంట ఉప్పు పోసి తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు వేయండి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును ఒకే జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి ఒక రోజు ఉంచండి. మీటరు 75 చూపాలి. 71 చూపితే అది ఎప్పుడూ 4 తక్కువ చెబుతుందని గుర్తుపెట్టుకోండి.

డబ్బాను కింది అంతస్తులో, ఎండ తగలని లోపలి గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి. స్లాబు కింది అటక ఇంట్లో అన్నింటికన్నా వేడి చోటు. ఏప్రిల్, మే నెలలకు ఎక్కువ నిల్వ పెట్టుకోకపోవడమే అసలు ఉపాయం.

ఎండినదానికి తడిగుడ్డ చుట్టకండి. పై ఆకు ముందు ఉబ్బి, లోపలిది ఉబ్బకముందే చిరుగుతుంది. డబ్బాలో 65 పొట్లంతో మూడు నాలుగు వారాలు వదిలేయండి, మధ్యలో వారానికోసారి తిప్పండి.

ప్రశ్న: సిగార్ మీద గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలున్నయి. డబ్బాలో సన్నటి పొడి. ఇంకో దాని మీద తెల్లగా ఏదో ఉంది. పారేయాలా? (గద్వాల)

రంధ్రాలు పొగాకు పురుగువి. గోధుమరంగు చిన్న పెంకు పురుగు. ధనియాలు, పసుపు కొమ్ములు, ఎండు మిరప నిల్వల్లో తిరిగేదీ ఇదే. గుడ్లు ఆకులోనే ఉండి, వేడి 24 డిగ్రీలు దాటితే పొదిగే ప్రమాదం పెరుగుతుంది. రంధ్రాలున్నవి పారేయండి. మిగతావి జిప్ కవర్లో గాలి లేకుండా మూసి ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో, మూడు రోజులు డీప్ ఫ్రీజర్లో, మళ్లీ ఒక రోజు కింది అరలో ఉంచి, గది వేడికి వచ్చాకే కవరు విప్పండి. ఒక్కసారిగా వేడి నుంచి గడ్డకట్టే చలికి మారిస్తే పై ఆకు పగులుతుంది. దాచడానికి ఫ్రిజ్ వద్దన్నాం, ఇది పురుగును చంపడానికి మాత్రమే. డబ్బా కడిగి ఎండబెట్టండి, సిగార్లను మసాలా అరకు దూరంగా పెట్టండి.

తెల్లనిది నూగులా లేచి ఉన్నా, నీలం, పచ్చ ఛాయ ఉన్నా బూజే. పై ఆకు మీద కొద్దిగా ఉంటే కొందరు తుడిచి వాడతారు. కాల్చే కొసలో కనిపిస్తే లోపల కూడా ఉన్నట్టే, తాగకండి.

ప్రశ్న: ఇక్కడ దొరికే మామూలు చుట్టకే రమ్ము, వెనిల్లా ఎసెన్సు పట్టించుకోవచ్చా? (కల్వకుర్తి)

ముంచితే పాడవుతుంది, చల్లినా అంతే. పై ఆకు వదులై విప్పుకుంటుంది, లోపల బూజు పడుతుంది, సరిగా ఆరని మద్యం అంటించేటప్పుడు గుప్పున మండుతుంది. పట్టించాలంటే ఆవిరితోనే. గాలి చొరని డబ్బాలో అడుగున చిన్న గిన్నెలో రెండు చెంచాల రమ్ము, పైన జాలీ, దాని మీద చుట్టలు, ద్రవం తగలకుండా. రెండు వారాలు ఉంచి, తీసి మరో వారం వేరే డబ్బాలో ఆరనివ్వాలి. రమ్ముకు బదులు కాఫీ గింజలు గుడ్డలో కట్టి పెట్టినా పడుతుంది, తడి భయం కూడా ఉండదు. ఎసెన్సులు, అత్తర్లు, సుగంధ తైలాలు మాత్రం వద్దు. అవి తినడానికో, పూసుకోవడానికో చేసినవి. కాల్చిన పొగ నోట్లోకి తీసుకోవడానికి కాదు.

ఇంకో మాట. మన చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి, టోపీ ఉండదు, ఎండు మీదే తాగడానికి చుట్టినది. వాసన పట్టాలంటే ఆకుకు కొంత తేమ ఉండాలి. అందుకే చుట్టకు పట్టిన వాసన తేలికగానే ఉంటుంది, నిలవదు కూడా.

ప్రశ్న: మా ఆయన పొద్దున ఏమీ తినకుండ, తియ్యగుందని ఒకటి తర్వాత ఒకటి రెండు తాగిండు. చెమటలు, కళ్లు తిరుగుడు, వాంతి. పొగ మింగలేదంటున్నడు. మరి ఎందుకైంది? (సూర్యాపేట)

అమ్మా, అది నికోటిన్ ఎక్కువైనందువల్ల. సిగరెట్‌లో ఒక గ్రాము లోపే పొగాకు ఉంటుంది, పెద్ద సిగార్‌లో 5 నుంచి 17 గ్రాముల దాకా ఉండొచ్చు. పైగా సిగార్ పొగకు క్షార గుణం ఎక్కువ కాబట్టి నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలోకి వెళ్తుంది, ఊపిరితిత్తులదాకా పోనవసరం లేదు. మామూలు పొగాకైతే ఘాటుకు నాలుక ముందే వద్దంటుంది. ఇక్కడ తీపి ఆ హెచ్చరికను కప్పేసింది.

మళ్లీ అలా అయితే వెంటనే ఆపించి గాలి తగిలేచోట కూర్చోబెట్టండి, నీళ్లు, చిన్న బెల్లం ముక్క ఇవ్వండి. అరగంటలో తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, గుండె దడ, స్పృహ తప్పడం ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ, గుండె జబ్బు, షుగర్ ఉన్నవాళ్లు అసలు ముట్టకపోవడమే సరైనది.

పొగ మింగకపోతే హాని లేదన్నది నిజం కాదు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లు సిగార్ వల్ల వస్తాయి, మద్యం తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మూలిక, పండు, కాఫీ ఏది పట్టించినా కాలేది పొగాకే. రోజూ కావాలనిపిస్తోందంటే అలవాటు పట్టుకుందన్నమాట. మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 నంబరు ఉచితం.

ప్రశ్న: హుక్కా లాగ ఇవి కూడ నిషేధమా? (జడ్చర్ల)

కాదు. తెలంగాణలో హుక్కా సెంటర్లను 2024లో నిషేధించారు, ఈ-సిగరెట్లు దేశమంతా 2019 నుంచి నిషేధం. సిగార్లకు 2003 నాటి పొగాకు చట్టం వర్తిస్తుంది. 18 ఏళ్ల లోపువాళ్లకు, బడులు, కాలేజీలకు 100 గజాల లోపు అమ్మకూడదు. బస్టాండు, హోటలు, ఆఫీసు లాంటి బహిరంగ చోట్ల తాగితే 200 రూపాయల దాకా జరిమానా. ఇక్కడ అమ్మే పెట్టె మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక ఉండాలి. లేకపోతే అది దొంగదారిన వచ్చిన సరుకు, ఎలా దాచారో, ఎంత పాతదో తెలియదు, కొనకండి.

ప్రశ్న: ఇంట్ల రెండేండ్ల పాప ఉంది. మా బావ బాల్కనీల తాగుతడు. పొగ కూడ అగరబత్తి లెక్క మంచి వాసనే వస్తది కదా, ఏమన్న అయితదా? (వనపర్తి)

వాసన మంచిదైనా అది పొగాకు పొగే. తలుపు తీసి ఉంటే బాల్కనీ పొగ ఇంట్లోకే వస్తుంది. ఒక సిగార్ గంటసేపు కాలుతుంది కాబట్టి సిగరెట్ కన్నా ఎక్కువ పొగ వదులుతుంది. ఇంటికి దూరంగా తాగి, చొక్కా మార్చుకుని, చేతులు, నోరు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోమనండి.

అంతకన్నా ముఖ్యం మిగిలిన ముక్క. సిగార్‌ను నలపకుండా పళ్లెంలో వదిలేస్తే దానంతటదే ఆరుతుంది, అదే సరైన పద్ధతి. కానీ పాప ఉన్న ఇంట్లో ఆ పళ్లెం నేల మీద ఉండకూడదు. తీపి పూసిన కొస కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, ఆ చిన్న ముక్కలోని నికోటిన్ కూడా రెండేళ్ల పాపకు విషమే. చల్లారాక నీళ్లలో ముంచి, కవర్లో మూటకట్టి, మూత ఉన్న చెత్తడబ్బాలో వేయండి. కొత్తవి కూడా తాళం వేసే చోటే ఉండాలి. ఒకవేళ నమిలిందని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, మిగిలిన ముక్క చేతపట్టుకుని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎంత తిన్నదో డాక్టరుకు దాన్నిబట్టే తెలుస్తుంది.